సీనియర్ టెక్ ఉద్యోగంలో జీతం బేరం: శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి ఒక లెక్క

విజయనగరం చింతలవలసలోనో, రాజాంలోనో, టెక్కలిలోనో ఇంజినీరింగ్ చదివి పన్నెండు, పదిహేనేళ్ల క్రితం హైదరాబాద్, బెంగళూరు వెళ్లినవారు ఇప్పుడు ఆర్కిటెక్ట్, స్టాఫ్ ఇంజినీర్, ఇంజినీరింగ్ మేనేజర్ స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు ఇస్తున్నారు. వీరిలో ఎవరైనా ఉద్యోగం మారుతున్నారని తెలియగానే తోటివారు అడిగేది ఒకటే: "హైక్ ఎంత?" ముప్పై శాతం అంటే పరవాలేదని, యాభై అంటే గట్టివాడని అప్పటికప్పుడే తీర్పు వచ్చేస్తుంది. కెరీర్ మొదట్లో ఈ కొలత కొంతవరకు పనికొస్తుంది, ఎందుకంటే అప్పటి ఆఫర్‌లో నెలజీతం తప్ప చెప్పుకోదగిన మరో భాగం ఉండదు. సీనియర్ స్థాయి ఆఫర్ అలాంటిది కాదు. అందులో కొంత ప్రతి నెలా బ్యాంకులో పడుతుంది, కొంత కంపెనీ ఆ ఏడాది ఎలా నడిచిందన్న దాని మీద ఉంటుంది, కొంత షేరు ధరతో పాటు ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, కొంత ఏళ్ల తరబడి అక్కడే ఆగితే తప్ప చేతికి రాదు. వీటన్నిటినీ కలిపి ఒకే అంకె చేసి, దాన్ని పాత అంకెతో పోల్చి శాతం తీసేవారు బేరంలో అసలు అడగవలసిన వాటిని అడగరు. అందులోనూ సొంత ఊరిలో ఉండి పని చేయాలని కోరుకునేవారికీ, ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల వైద్యం చూసుకోవలసినవారికీ ఆఫర్ విలువను తేల్చే వాక్యాలు చాలాసార్లు జీతం పట్టికలో ఉండవు, దాని వెనక పేజీల్లో ఉంటాయి.

పాత జీతం ఎక్కడ అడ్డుపడుతుంది

"ప్రస్తుత సీటీసీ (కంపెనీ ఒక ఉద్యోగి మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) ఎంత, ఆశిస్తున్నది ఎంత" అనే ప్రశ్నలు మన దేశంలో రిక్రూటర్ మొదటి ఫోన్‌లోనే వస్తాయి. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 2018 జనవరి 1 నుంచి అభ్యర్థిని పాత జీతం అడగడాన్ని నిషేధించింది. ఉద్యోగ ప్రకటనలోనే జీతం పరిధి చూపాలన్న నిబంధన కొలరాడోలో 2021 నుంచి, కాలిఫోర్నియాలో 2023 నుంచి ఉంది. మన దగ్గర ప్రైవేటు కంపెనీలకు అలాంటి చట్టం లేదు కాబట్టి అడగడం వారి ఇష్టం, ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది అభ్యర్థి ఇష్టం.

శాతాల పద్ధతి ఎవరికి నష్టమో ఒక ఉదాహరణతో తేలుతుంది. ఇద్దరు ఒకే ఏడాది ఉద్యోగంలో చేరారు. ఒకరు క్యాంపస్ ఎంపికలో సర్వీసు కంపెనీకి (ఇతర సంస్థల పని చేసిపెట్టేది) 3.5 లక్షలకు వెళ్లారు, మరొకరు ప్రోడక్ట్ కంపెనీకి (సొంత సాఫ్ట్‌వేర్ తయారు చేసేది) 12 లక్షలకు వెళ్లారు. పన్నెండేళ్లలో ఇద్దరికీ సమానంగా మూడుసార్లు ఉద్యోగ మార్పులో 30 శాతం చొప్పున, మిగిలిన తొమ్మిదేళ్లు 8 శాతం చొప్పున జీతం పెరిగిందనుకుంటే, మొదటివారు సుమారు 15.4 లక్షల దగ్గర, రెండోవారు 52.7 లక్షల దగ్గర ఉంటారు. ఇప్పుడు ఇద్దరూ ఒకే పోస్టుకు, ఒకే ఇంటర్వ్యూలో, ఒకే విధంగా జవాబులు చెప్పినా, "ఉన్నదాని మీద 40 శాతం" అన్న లెక్కతో మొదటివారికి 21.5 లక్షలు మాత్రమే వస్తాయి. జిల్లా కాలేజీల నుంచి వెళ్లినవారిలో ఎక్కువమంది మొదటి దారిలో వెళ్లినవారే. నైపుణ్యంలో తేడా ఎప్పుడో చెరిగిపోయినా, మొదటి ఆఫర్ లెటర్‌లోని అంకె మాత్రం శాతాల రూపంలో వెంటపడుతూనే ఉంటుంది.

దీనికి మందు పాత జీతాన్ని పెంచి చెప్పడం కాదు. పే స్లిప్పులు, ఫారం 16, బ్యాంకు స్టేట్‌మెంట్ అడగడం, పీఎఫ్ ఖాతాలోని సర్వీసు వివరాలు చూడడం నేపథ్య పరిశీలనలో మామూలే. అబద్ధం దొరికితే చేరాక కూడా ఉద్యోగం పోవచ్చు. చేయదగింది మాటను పోస్టు వైపు తిప్పడం. "ఈ గ్రేడుకు మీరు కేటాయించిన పరిధి చెబితే, అది నాకు సరిపోతుందో లేదో ఇప్పుడే చెప్పగలను, ఇద్దరి సమయమూ ఆదా అవుతుంది" అని మర్యాదగా అడగవచ్చు. ఎంతకూ వదలకపోతే ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఆ వెంటనే "నా అంచనా ఈ పోస్టు బాధ్యతను బట్టి, పాత జీతాన్ని బట్టి కాదు" అని కలపాలి. అమెరికా కంపెనీల హైదరాబాద్, బెంగళూరు కేంద్రాలకు వెళ్లేవారికి మరో ఆధారం ఉంది: అదే కంపెనీ కొలరాడోలోనో, కాలిఫోర్నియాలోనో అదే గ్రేడుకు ఇచ్చిన ప్రకటన. అందులోని డాలర్లను రూపాయల్లోకి మార్చి అడగడం వృథా. సీనియర్ గ్రేడుకూ దాని పై గ్రేడుకూ మధ్య వారు ఎంత నిష్పత్తిలో తేడా పెట్టారో చూస్తే మాత్రం, ఒక్క మెట్టు తక్కువగా చేరితే ఎంత పోతుందో తెలుస్తుంది.

ముందు గ్రేడు, తర్వాతే ధర

పలాసలో జీడిపప్పు కొనేవారు ముందు 210 రకమా, 240 రకమా, 320 రకమా అని తేల్చుకుంటారు. ఆ అంకె పౌనుకు ఎన్ని పలుకులు తూగుతాయో చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ పలుకు చిన్నది, ధర తక్కువ. రకం ఒప్పుకున్నాక ధరలో కదలిక కొద్దిగానే ఉంటుంది. పెద్ద కంపెనీల్లో జీతాల పద్ధతి కూడా ఇదే. ప్రతి గ్రేడుకూ ఒక కింది హద్దు, ఒక పై హద్దు ఉంటాయి. రిక్రూటర్‌కు ఆ హద్దుల మధ్య కొంత స్వేచ్ఛ ఉంటుంది గానీ పై హద్దు దాటాలంటే ప్రత్యేక అనుమతి కావాలి, అది అరుదు. కాబట్టి గ్రేడు తేలకముందు అంకె మాట్లాడడం తొందరపాటు; తక్కువ గ్రేడుకు ఒప్పుకున్నాక అంకె కోసం గట్టిగా పట్టుబట్టడం ఆలస్యం.

గ్రేడును నిర్ణయించేది ఇంటర్వ్యూ ప్యానెల్ రాసిన అభిప్రాయం. అందుకే చివరి రౌండ్ అయ్యాక, ఆఫర్ అంకె రాకముందు ఉండే కొద్ది రోజులే ఈ విషయం కదిపే సమయం. నడిపిన వ్యవస్థ ఎంత పెద్దది, ఎన్ని టీములు దాని మీద ఆధారపడ్డాయి, ఏ నిర్ణయం సొంతంగా తీసుకున్నారు, దాని వల్ల ఖర్చో, ఆగిపోవడాలో ఎంత తగ్గాయి అన్నవి నాలుగు వాక్యాల్లో హైరింగ్ మేనేజర్‌కు రాసి పంపడం, "నాకు పదమూడేళ్ల అనుభవం ఉంది" అనడం కన్నా ఎన్నో రెట్లు పని చేస్తుంది. అనుభవాన్ని ఏళ్లలో చెప్పుకోవడం సర్వీసు కంపెనీల నుంచి వచ్చిన అలవాటు. బయట దానికి అంత విలువ లేదు. హోదా పేరు చూసి మోసపోవడం కూడా అక్కడి నుంచి వచ్చినదే. ఒకచోట "మేనేజర్" అన్నది మరోచోట "సీనియర్ ఇంజినీర్" కన్నా కింది గ్రేడు కావచ్చు. "ఆరు నెలల తర్వాత పై గ్రేడు చూద్దాం" అన్న మాటను ధరగా లెక్కించకూడదు. ఆ మాట ఇచ్చిన మేనేజర్ ఆరు నెలల తర్వాత ఆ కుర్చీలో ఉంటారన్న పూచీ ఎవరూ ఇవ్వరు.

60 లక్షలను విప్పి చూస్తే

ఒక ఊహాత్మక ఆఫర్ తీసుకుందాం. సీటీసీ 60 లక్షలు. బేసిక్ 20 లక్షలు, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం), ప్రత్యేక భత్యం వగైరా కలిపి 16,63,800, కంపెనీ వాటా పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం అంటే 2.4 లక్షలు, గ్రాట్యుటీ (ఏళ్ల తరబడి పనిచేసి వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం) 4.81 శాతం అంటే 96,200. ఇక్కడికి 40 లక్షలు. ఆ పైన వేరియబుల్ పే (కంపెనీ ఫలితాలు, పనితీరును బట్టి ఇచ్చేది) 8 లక్షలు, నాలుగేళ్లలో ఇచ్చే 40 లక్షల షేర్లలో ఈ ఏడాది వాటా 10 లక్షలు, జాయినింగ్ బోనస్ 2 లక్షలు. నెలకు 5 లక్షలు అని ఇంట్లో చెప్పుకునే ఈ ఆఫర్‌లో చేతికి నిజంగా ఎంత వస్తుంది? 2025-26 కొత్త పన్ను విధానంలో 75 వేల ప్రామాణిక తగ్గింపు తీసి, సెస్సుతో కలిపి స్థిర జీతం మీద పన్ను సుమారు 6.83 లక్షలు. ఉద్యోగి వాటా పీఎఫ్ మరో 2.4 లక్షలు, వృత్తి పన్ను నెలకు 200. ఇవన్నీ పోగా నెలకు సుమారు 2 లక్షల 28 వేలు బ్యాంకులో పడుతుంది. మిగతాది మోసమని కాదు. కానీ ప్రతి భాగానికీ దాని దాని షరతు ఉంది.

గ్రాట్యుటీ మామూలుగా ఐదేళ్ల సర్వీసు నిండితేనే వస్తుంది. నిర్ణీత కాలపు ఒప్పందంపై ఉన్నవారికి మాత్రం కొత్త లేబర్ కోడ్‌ల ప్రకారం ఏడాదికే అర్హత వస్తుంది. మూడేళ్లకు మారిపోయేవారి సీటీసీలో ఏటా కనిపించిన 96,200 ఎప్పటికీ చేతికి రాని డబ్బు. సీనియర్ ఇంజినీర్లలో ఒకేచోట ఐదేళ్లు ఆగేవారు తక్కువే కాబట్టి రెండు ఆఫర్లను పోల్చేటప్పుడు ఈ వరుసను పక్కన పెట్టి చూడడం మంచిది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు భత్యాలు మొత్తం ప్రతిఫలంలో సగానికి మించితే ఆ మించిన భాగాన్ని వేతనంగానే లెక్కించమంటున్నాయి. బేసిక్‌ను ముప్పై, ముప్పై అయిదు శాతం దగ్గర ఉంచిన కంపెనీల్లో దీనివల్ల గ్రాట్యుటీ వరుస పెరుగుతుంది. సీటీసీ మారకుండా ఆ వరుస పెరిగిందంటే తగ్గింది మరెక్కడో వెతకాలి.

వేరియబుల్ పే గురించి అడగవలసిన ప్రశ్న "ఎంత శాతం" అని కాదు, "గత రెండేళ్లలో ఈ గ్రేడువారికి నిజంగా ఎంత శాతం చెల్లించారు" అని. ఏడాది మధ్యలో చేరితే మొదటి ఏడాది ఎంత వస్తుందో, ఏప్రిల్‌లో జీతాల పెంపు చేసే కంపెనీ అయితే జనవరిలో చేరినవారికి ఆ ఏప్రిల్‌లోనా, మరుసటి ఏప్రిల్‌లోనా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. పదిహేను నెలల పాటు జీతం కదలకపోవడం చిన్న నష్టం కాదు. జాయినింగ్ బోనస్ ఒకసారి వచ్చి పోయేది. రెండో ఏడాది ఈ ఆఫర్ విలువ 58 లక్షలే. స్థిర జీతంలో ఒక లక్ష పెరిగితే ఆ పైన వచ్చే ప్రతి శాతమూ ఆ లక్ష మీద కూడా పడుతుంది.

కంపెనీకి పైసా అదనపు ఖర్చు లేకుండా అడగదగింది ఒకటుంది, చాలామంది మరచిపోతారు. కొత్త పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపు లేకపోయినా, ఉద్యోగి తరఫున కంపెనీ ఎన్‌పీఎస్‌లో (జాతీయ పింఛను పథకం) వేసే మొత్తానికి బేసిక్‌లో 14 శాతం వరకు మినహాయింపు ఉంది. పై ఆఫర్‌లో అది 2.8 లక్షలు. ప్రత్యేక భత్యం నుంచి అంతే తగ్గించి ఎన్‌పీఎస్‌లో వేయించుకుంటే ఏడాదికి 87,360 రూపాయల పన్ను మిగులుతుంది. ఆ డబ్బు చాలా ఏళ్లు కదలదు కాబట్టి అందరికీ నప్పదు; ఊళ్లో ఇల్లు కట్టుకునే ఏడాదిలో ఉన్నవారు దీని జోలికి వెళ్లకపోవడమే నయం. కంపెనీ వేసే పీఎఫ్, ఎన్‌పీఎస్ వంటివన్నీ కలిపి ఏడాదికి 7.5 లక్షలు దాటితే దాటిన దాని మీద పన్ను పడుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

షేర్ల భాగం

విదేశీ స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీ ఇచ్చే ఆర్‌ఎస్‌యూలు (కొంతకాలం పనిచేశాక చేతికి వచ్చే షేర్లు) దాదాపు డబ్బుతో సమానం, ధర మాత్రం ఊగుతుంది. వెస్టింగ్ రోజున, అంటే షేర్లు ఉద్యోగి సొంతమయ్యే రోజున, ఉన్న ధరను జీతంగానే లెక్కించి పన్ను తీసుకుంటారు. సాధారణంగా కొన్ని షేర్లను అప్పుడే అమ్మి ఆ పన్ను కడతారు. ఆ తర్వాత 24 నెలలకు మించి ఉంచి అమ్మితే లాభం మీద 12.5 శాతం పన్ను. ఆ షేర్లను ఏటా రిటర్నులో విదేశీ ఆస్తుల కింద చూపడం తప్పనిసరి. చూపకపోతే నల్లధనం చట్టం కింద జరిమానా 10 లక్షల దాకా వెళ్లవచ్చు. బేరంలో చూడవలసింది నాలుగేళ్ల పంపకం. ఏటా సమంగా ఇచ్చే కంపెనీలు ఎక్కువే గానీ, అమెజాన్‌లో చాలాకాలంగా ఉన్న పద్ధతిలో తొలి రెండేళ్లలో వచ్చేది 5, 15 శాతాలే, మిగతా 80 చివరి రెండేళ్లలో. ఆ లోటును మొదటి రెండేళ్ల నగదు బోనస్‌తో పూడుస్తారు. 40 లక్షల షేర్లు అన్న మాట ఒకటే అయినా, మొదటి ఏడాది ఒకచోట 10 లక్షలు, మరోచోట 2 లక్షలు. ఉన్న ఉద్యోగంలో ఇంకా వెస్ట్ కాని షేర్లను వదులుకుని వస్తున్నవారు ఆ మొత్తాన్ని తేదీలతో సహా పట్టికగా చూపి భర్తీ అడిగితే, సీనియర్ స్థాయిలో అది అత్యాశగా ఎవరూ చూడరు. నిజానికి స్థిర జీతం పై హద్దుకు చేరిపోయినప్పుడు రిక్రూటర్‌కు కదిలే వీలున్నది ఎక్కువగా ఇక్కడే.

స్టార్టప్ ఈసాప్‌లు, అంటే ముందే నిర్ణయించిన ధరకు షేర్లు కొనుక్కునే హక్కులు (ఆప్షన్లు), వేరే సంగతి. "పది వేల ఆప్షన్లు" అన్న అంకెకు ఒంటరిగా అర్థం లేదు. కంపెనీ మొత్తం షేర్లు ఎన్ని, ఎక్సర్‌సైజ్ ధర (ఆప్షన్‌తో షేరు కొనుక్కునే ధర) ఎంత, ఉద్యోగం వదిలాక కొనుక్కోవడానికి ఎంత గడువు అన్నవి చెప్పకపోతే ఆ భాగాన్ని సున్నాగా లెక్కించడమే క్షేమం. షేరుకు 10 రూపాయల ధరకు వచ్చిన పది వేల ఆప్షన్లను, విలువ 500 ఉన్నప్పుడు ఎక్సర్‌సైజ్ చేస్తే 49 లక్షలు ఆ ఏడాది జీతంలో కలుస్తాయి. చేతికి ఒక్క రూపాయి రాకముందే సర్‌చార్జి కాకుండా 15 లక్షలకు పైగా పన్ను కట్టాలి. ఈ పన్నును వాయిదా వేసుకునే సౌకర్యం ప్రభుత్వ గుర్తింపు పొందిన కొద్దిపాటి అర్హ స్టార్టప్‌లకే ఉంది, ఆ సంస్థలో కూడా ఉద్యోగం వదలగానే వాయిదా ముగుస్తుంది. తొంభై రోజుల్లోగా కొనుక్కోకపోతే ఆప్షన్లు రద్దు అనే షరతు ఉన్నచోట ఇది ఉద్యోగిని కట్టిపడేసే తాడు అవుతుంది. ఆ గడువును ఏళ్లకు పెంచమని చేరకముందే అడగాలి. చేరాక అడిగితే వినేవారు ఉండరు.

బేస్ లొకేషన్ అనే ఒక్క వరుస

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి అన్నిటికన్నా ఎక్కువ విలువైన చోటు అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఎవరూ సరిగా చదవని బేస్ లొకేషన్ (పని ప్రదేశం) వరుస. "పని ప్రదేశం: హైదరాబాద్; కంపెనీ అవసరాన్ని బట్టి ఎక్కడికైనా మార్చవచ్చు" అని రాసి ఉండగా, "మా టీమంతా ఇంటి నుంచే కదా, మీరూ విజయనగరంలోనే ఉండొచ్చు" అని మేనేజర్ నోటితో అన్న మాటకు బలం ఎంత? 2024 సెప్టెంబరులో అమెజాన్ తన కార్పొరేట్ ఉద్యోగులు 2025 జనవరి నుంచి వారానికి 5 రోజులు ఆఫీసుకు రావాలని ప్రకటించింది. అంతకుముందే మన దేశీయ ఐటీ సంస్థలు కొన్ని కూడా ఉద్యోగులను ఆఫీసుకు వెనక్కి పిలిచాయి. ఇంటి నుంచి పని అన్నది అనుమతిగా ఉన్నంతకాలం అది ఒక ఈమెయిల్‌తో పోతుంది. ఒప్పందంలో ఉంటే, తీసేయడానికి కనీసం కూర్చుని మాట్లాడవలసి వస్తుంది.

ఈ వరుసకు ధర కూడా ఉంది. బేస్ లొకేషన్ విజయనగరం అని రాసి ఉంటే, మూడు నెలలకోసారి వారం రోజులు హైదరాబాద్ ఆఫీసుకు రమ్మన్నప్పుడు అది కంపెనీ పని మీద ప్రయాణం: విశాఖ నుంచి విమానమో, వందేభారతో, అక్కడ హోటలూ కంపెనీ ఖర్చు. అదే బేస్ లొకేషన్ హైదరాబాద్ అని ఉంటే, శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లడం ఆ ఉద్యోగి సొంత ఖర్చుతో ఆఫీసుకు వెళ్లడం కిందికి వస్తుంది. వారానికి మూడు రోజులు ఆఫీసు అన్న కంపెనీలో ఊరి నుంచి పని కుదరదు, కానీ నెలలో ఒక వారం వరుసగా వచ్చి మిగతా మూడు వారాలు ఊళ్లో ఉండే ఏర్పాటును సీనియర్లకు ఒప్పుకునే మేనేజర్లు ఉన్నారు. అడిగే పద్ధతి కూడా అదే: రోజుల లెక్క కాకుండా, ఏ సమావేశాలకు, ఏ విడుదలలకు మనిషి అక్కడ ఉండటం అవసరమో తానే ముందుగా చెప్పడం.

ఊరిని బట్టి జీతం తగ్గించే పద్ధతి ప్రపంచంలో ఉంది. 2020లో ఫేస్‌బుక్ ఇంటి నుంచి పని చేసేవారి జీతం వారుండే చోటును బట్టి మారుతుందని చెప్పింది. గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ ప్రాంతాన్ని లెక్కలో కలుపుతున్న సంగతిని బహిరంగంగానే ఉంచింది. మన దేశంలో ఒకే కంపెనీ హైదరాబాద్‌కూ, విశాఖకూ వేర్వేరు అంకెలు ఇచ్చినప్పుడు "అక్కడ ఖర్చు తక్కువ కదా" అంటారు. ఆ వాదనకు లొంగవలసిన అవసరం లేదు. అద్దె మిగిలేది నిజమే గానీ, ఊరి నుంచి పని చేసేవారు ఆఫీసు భరించే ఖర్చులు కొన్ని తామే భరిస్తారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం పల్లెల్లో రోజుల తరబడి కరెంటు లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖనే నిలిపివేసింది. ఇన్వర్టరు, రెండో కంపెనీ ఇంటర్నెట్ లైను, కుర్చీ, బల్ల, తుపాను రోజుల్లో విశాఖలో కో-వర్కింగ్ చోటు, ఇవన్నీ కలిపి ఒక భత్యంగా అడగవచ్చు. రాత్రి ఆన్-కాల్ డ్యూటీ (వ్యవస్థ ఆగితే వెంటనే స్పందించవలసిన డ్యూటీ) ఉన్న పోస్టు అయితే ఇది సౌకర్యం కాదు, పని సామగ్రి.

విశాఖ మారుతున్న తీరు కూడా బేరంలో పనికొస్తుంది. ఇన్ఫోసిస్ 2023 అక్టోబరులో అక్కడ కేంద్రం తెరిచింది. 2025లో టీసీఎస్, కాగ్నిజెంట్‌లకు ప్రభుత్వం 99 పైసలకే భూములు కేటాయించింది. అదే ఏడాది అక్టోబరు 14న గూగుల్ 1,500 కోట్ల డాలర్ల ఏఐ హబ్‌ను ప్రకటించింది. విజయనగరం నుంచి విశాఖ సుమారు 60 కిలోమీటర్లు. విజయనగరం జిల్లా భోగాపురంలో కొత్త అంతర్జాతీయ విమానాశ్రయం వస్తోంది. అయితే వీటిని చూసి తొందరపడకూడదు: ప్రకటించిన పెట్టుబడి, నియామకాలు రెండూ ఒకటి కాదు, డేటా సెంటర్‌లో పెట్టుబడి పెద్దది, శాశ్వత ఇంజినీరింగ్ ఉద్యోగాలు పోల్చి చూస్తే తక్కువ. "రెండేళ్ల తర్వాత విశాఖ కేంద్రానికి మారే అవకాశం, అదే గ్రేడు, అదే జీతం" అన్న వాక్యం ఈరోజు అడిగితే కంపెనీకి ఖర్చు లేదు. అప్పుడు అడిగితే జీతం తగ్గింపుతో వస్తుంది.

ఇదే చోట ఆరోగ్య బీమాను కూడా చూడాలి. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, పలాస, ఇచ్ఛాపురం వైపు, దశాబ్దాలుగా దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఊళ్లకు ఊళ్లను పీడిస్తోంది. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఆ ప్రాంతపు ఇంజినీరుకు తల్లిదండ్రులకు వర్తించే గ్రూపు బీమా రెండు, మూడు లక్షల జీతం పెంపు కన్నా విలువైనది కావచ్చు. విడిగా పాలసీ కొంటే ముందే ఉన్న జబ్బుకు మూడేళ్ల దాకా నిరీక్షణ పెట్టవచ్చు. అసలు పాలసీ ఇవ్వకపోవచ్చు కూడా. గ్రూపు పాలసీల్లో సాధారణంగా మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది. కానీ "తల్లిదండ్రులకు కూడా ఉంది" అన్న మాటతో ఆగకూడదు. ప్రీమియం ఎవరిది, తల్లిదండ్రుల బిల్లులో ఎంత శాతం చేతి నుంచి కట్టాలి, గది అద్దెకు పరిమితి ఎంత, డయాలసిస్ డే-కేర్ (అదే రోజు ఇంటికి వెళ్లే) చికిత్సగా వస్తుందా, నగదు రహిత చికిత్స ఇచ్చే ఆసుపత్రులు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖల్లో ఏవేవి అని పాలసీ పత్రం తెప్పించుకుని చూడాలి. పెళ్లయినవారికి తల్లిదండ్రులా, అత్తమామలా ఏదో ఒక జంటే అన్న షరతు కూడా తరచుగా కనిపిస్తుంది.

విదేశీ కంపెనీకి నేరుగా కాంట్రాక్టరుగా పని చేసేవారి లెక్క మరోలా ఉంటుంది. టెక్నికల్ కన్సల్టెన్సీ కిందికి వచ్చే పని అయితే, నగదు వసూళ్లు 5 శాతం దాటనంతవరకు ఏడాదికి 75 లక్షల లోపు రాబడిలో సగాన్నే ఆదాయంగా చూపే పద్ధతి ఉంది కాబట్టి పన్ను బాగా తగ్గుతుంది. అందుకు బదులుగా పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా, జీతంతో కూడిన సెలవు ఏవీ ఉండవు, 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు ఉంటుంది, ఇంటి అప్పుకు వెళ్తే బ్యాంకు ముందు రిటర్నులు పరచవలసి వస్తుంది. ఉద్యోగి జీతంతో సమానమైన అంకెకు కాంట్రాక్టు ఒప్పుకోవడం అంటే ఇవన్నీ ఉచితంగా వదులుకోవడమే.

మాట, కాగితం

ఆఫర్ వచ్చాక అడిగితే వెనక్కి తీసుకుంటారేమోనన్న భయం మన వైపు ఎక్కువ. "ఇచ్చిందే చాల్లే" అనుకునే సంస్కారం ఇళ్లలో నేర్పిందే. కానీ నాలుగైదు రౌండ్ల ఇంటర్వ్యూలు చేసి ఒక సీనియర్‌ను ఎంచుకున్న కంపెనీ, మర్యాదగా అడిగిన ఒక్క వినతికి ఆఫర్ రద్దు చేయడం చాలా అరుదు. విసిగించేది అడగడం కాదు, దఫదఫాలుగా అడగడం. ఈ రోజు జీతం, ఎల్లుండి షేర్లు, వారం తర్వాత బీమా అంటే రిక్రూటర్ ప్రతిసారీ పై అనుమతికి తిరగాలి. అన్నీ ఒకే ఈమెయిల్‌లో, ముఖ్యమైనది ముందు పెట్టి, "ఇవి కుదిరితే ఈ శుక్రవారమే సంతకం చేస్తాను" అని రాస్తే ఆ రిక్రూటర్‌కు పైవారి దగ్గర వాదించడానికి కారణం దొరుకుతుంది. లేని ఆఫర్ ఉందని చెప్పడం మాత్రం పనికిరాదు. కాగితం చూపమంటే అక్కడితో మాట పోతుంది.

మన ఐటీ రంగంలో చాలాచోట్ల ఉన్న 90 రోజుల నోటీసు కూడా బేరం వస్తువే. త్వరగా రమ్మంటే నోటీసు బైఅవుట్ (మిగిలిన నోటీసు రోజులకు పాత కంపెనీకి కట్టే డబ్బు) కొత్త కంపెనీ కట్టాలని అడగవచ్చు. అది ఉద్యోగి ఆదాయంగా లెక్కకు వస్తే పన్ను ఎవరిదో కూడా తేల్చుకోవాలి. జాయినింగ్ బోనస్‌ను ఏడాదిలోపు వదిలితే తిరిగి ఇవ్వాలన్న షరతులో ఒక మెలిక ఉంది. పన్ను పోగా చేతికి వచ్చింది 1.4 లక్షలైనా, వెనక్కి అడిగేది పూర్తి 2 లక్షలు. పనిచేసిన నెలల నిష్పత్తిలో తగ్గేలా, చేతికి వచ్చినంతే తిరిగి ఇచ్చేలా రాయించుకోవడం సాధ్యమే. ఉద్యోగం వదిలాక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలవదు. కనీస సర్వీసు బాండ్ అలా కాదు. 2025 మేలో విజయా బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు, మూడేళ్లలోపు వదిలితే 2 లక్షలు కట్టాలన్న షరతును సమర్థించింది. మేనేజర్ హోదాలో ఉన్నవారికి రిట్రెంచ్‌మెంట్ (ఉద్యోగాల కోత) పరిహారం వంటి కార్మిక చట్టాల రక్షణ వర్తించదు కాబట్టి, కంపెనీయే తొలగిస్తే ఎన్ని నెలల జీతం ఇస్తుందన్నది ఒప్పందంలో ఉంటేనే ఉన్నట్టు. ఉద్యోగికి 90 రోజులు, కంపెనీకి 30 రోజులు అని అసమానంగా రాసిన నోటీసు షరతులను సమం చేయమని అడగడం సీనియర్లకు తగనిదేమీ కాదు.

పాత కంపెనీలో రాజీనామా ఇచ్చేది కొత్త కంపెనీ లెటర్ చేతికి వచ్చాకే. అపాయింట్‌మెంట్ లెటర్ చివరి పేజీల్లో సాధారణంగా "ఇంతకుముందు జరిగిన సంభాషణలు, హామీలు అన్నిటి స్థానంలో ఈ పత్రమే చెల్లుతుంది" అన్న అర్థంలో ఒక నిబంధన ఉంటుంది. దాని కింద సంతకం పెట్టిన క్షణం నుంచి, ఫోన్‌లో ఒప్పుకున్న బేస్ లొకేషన్, విశాఖకు బదిలీ, షేర్ల భర్తీ ఏవీ లేనట్టే. లెటర్ నమూనా మార్చలేమని హెచ్ఆర్ అంటే, అనుబంధంగా ఒక పేజీ అడగాలి. అదీ కాదంటే కంపెనీ అధికారిక ఈమెయిల్ నుంచి ఆ అంశాలు పేరుపేరునా ధృవీకరించమనాలి, అది లెటర్ అంత బలమైనది కాకపోయినా ఏమీ లేనిదాని కన్నా నయం. ఆ మాత్రం కూడా రాసి ఇవ్వలేమంటే, ఊరి నుంచి పని అన్న భాగానికి సున్నా విలువ కట్టి, హైదరాబాద్ అద్దె, పిల్లల బడి ఫీజు కలిపి మళ్లీ లెక్క వేసి, మిగిలిన అంకె మీదే చేరాలా వద్దా అన్నది నిర్ణయించుకోవాలి.